ఓదెలు చెవి

ఉడుము అని పేరున్న రోబో పొట్ట కింద తిప్పే మర ఒకటి ఉంది. దాని చుట్టూ ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెక్కి ఉన్నాయి. మ్యాచ్‌కి గంట ముందు జట్టు నాయకులు ఆ మరని ఏదో ఒక అంకె దగ్గర నిలపాలి. నిర్ణేత వచ్చి దానిమీద ముద్ర కాగితం అంటిస్తాడు. ఇక ఆ యంత్రాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ వీల్లేదు. సొరంగంలోకి దిగాక అది తన బుద్ధితోనే వెళ్లాలి, తన బుద్ధితోనే తిరిగి రావాలి.

ఆ పొద్దున నవనీతకి ఆ మర గురించి మరో ఆలోచనే లేదు. మూడు. ఆర్నెల్లుగా ఆమె జట్టంతా ఆ మూడో అంకె కోసమే నిద్రాహారాలు మానుకుంది.

గని ప్రమాదాల్లో మనుషుల్ని వెతికి తెచ్చే రోబోల పోటీ అది. గోదావరి పక్క బొగ్గు ప్రాంతంలో, బొగ్గంతా తవ్వేసి మూసేసిన ఒక బాయిని దానికోసం బాగుచేశారు. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. లోపల మూడు చోట్ల బొమ్మ మనుషుల్ని పడుకోబెట్టారు. దారి పొడుగునా పైకప్పులో కొన్ని బండల్ని గట్టిగా బిగించి, కొన్నింటిని కావాలనే వదులుగా వదిలేశారు. వదులు బండ కింద కదలిక ఎక్కువైతే అది ఊడి పడుతుంది. అరగంటలో ముగ్గురు బొమ్మ మనుషుల్నీ బయటికి లాక్కురావాలి. ఎనిమిది జట్లు పోటీకి దిగాయి.

ఉడుము మోకాలెత్తు యంత్రం. కింద గొలుసు చక్రాలు, వీపు మీద పొడుగాటి ఇనుప చెయ్యి, చేతి చివర నిమ్మకాయంత గుబ్బ. ఆ గుబ్బతో పైకప్పుని కొట్టి, చప్పుడు విని, ముందుకెళ్లాలో వద్దో తేల్చుకుంటుంది. ఎలా తేల్చుకుంటుందన్నది మర ఏ అంకె మీద ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఒకటో ప్రోగ్రాం లెక్కలది. అడుగడుక్కీ మూడేసి దెబ్బలు కొట్టి, ఆ చప్పుడుని తన దగ్గరున్న పట్టికతో పోల్చుకుని, అనుమానం వస్తే వెనక్కి మళ్లి వేరే దారి పడుతుంది. తప్పు చెయ్యదు. కానీ నత్త నడక. సాధనలో ఒక్కసారి కూడా అరగంటలో ముగించలేదు. రెండోది అసలు కొట్టకుండానే, కెమెరాతో పగుళ్లు చూసుకుంటూ పరుగెత్తేది. అదృష్టం ఉంటే పది నిమిషాల్లో బయటికొస్తుంది. లేకపోతే బండ కింద ఉంటుంది.

మూడోది ఓదెలు.

ఓదెలు నవనీతకి మామ, ఆమె భర్త తిరుమలేశు తండ్రి. ముప్ఫై మూడేళ్లు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అందులో ఇరవై రెండేళ్లు సర్దారు. కార్మికుల కంటే ముందు లోపలికి దిగి, పైకప్పు తట్టి చూసి, "పోండ్రి" అనో "ఆగుండ్రి" అనో చెప్పేవాడే సర్దారు. ఓదెలు "పోండ్రి" అన్న చోట ఒక్క మనిషి మీద కూడా బండ పడలేదు. పెళ్లైన కొత్తలో నవనీత అడిగింది, "ఎట్లా తెలుస్తుంది మామయ్యా?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "తెలుస్తది గదా" అన్నాడు. అంతకు మించి ఆయన దగ్గర మాటల్లేవు.

ఆ మాటల్లేని దాన్ని పట్టుకోవడానికే డాక్టర్ వహీదా టోపీ తయారుచేసింది. గనుల భద్రత ప్రయోగశాలకి ఆమె అధిపతి. యాభై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడదు. తన టోపీకి తగిన మనిషి కోసం వెతుకుతుంటే అక్కడ పనిచేసే నవనీతే ఓదెలు పేరు చెప్పింది.

బాయిలోని ఒక పాత సొరంగ దారిలో ఓదెలు ఆ టోపీ పెట్టుకుని కర్రతో పైకప్పు తట్టేవాడు. చప్పుడు చెవిన పడి, 'ఇది డొల్ల' అని లోపల తోచే ఆ రెప్పపాటులో టోపీ ఆ తోచడాన్నే పట్టుకునేది. పట్టుకుని మళ్లీ మళ్లీ తోపించేది, వంద సార్లు, రెండొందల సార్లు. తోచినప్పుడల్లా బెల్లం ముక్కంత జిగురు ఫలకంలో అది కాస్త కాస్తగా పేరుకునేది. ఆ ఫలకాన్ని అందరూ 'అచ్చు' అనేవాళ్లు. దానికి నకలు తీయడం కుదరదు. లోపలేముందో చదవబోతే చెదిరిపోతుంది. ఉన్నది ఒక్కటే.

"నొప్పిగా ఉందా మామయ్యా?" అని మొదటి రోజు అడిగింది నవనీత.

"నొప్పేం లేదు బిడ్డా. తొక్కిన తొవ్వనే తొక్కినట్టున్నది" అని, ఇంటికెళ్లి పొద్దు గూకకముందే పడి నిద్రపోయాడు.

ముందు ఆరు సార్లు కూర్చోబెట్టి చిన్న అచ్చు ఒకటి తీసి చూశారు. ఉడుము సాధన సొరంగంలోకి దిగి, ఒక దెబ్బ కొట్టి, తల వంచినట్టు చెయ్యి వంచి ఆగి, కాస్త పక్కన ఇంకో చిన్న దెబ్బ వేసి, సాగిపోయింది. అచ్చం ఓదెలే. పదిహేడు నిమిషాల్లో ముగ్గురినీ తెచ్చింది. ఓదెలు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కాకపోతే నాలుగో పరుగు నాటికి ఆ చిన్న అచ్చు ఓదెలులా కొట్టడం మానేసింది. ఉడుము చేతి బరువుకీ పొడుగుకీ తగ్గట్టు తనదైన తీరులో కొట్టసాగింది. పని మాత్రం బాగానే చేసేది. ఆ జిగురు చాలా అరుదైనది కాబట్టి దాన్ని కరిగించి, మళ్లీ మొదట్నుంచి ఇరవై ఆరు సార్లు ఓదెలుని కూర్చోబెట్టి, అసలు అచ్చు తీశారు. దాన్ని ఒక్కసారి కూడా నడపకుండా మ్యాచ్ రోజు కోసం దాచారు.

ఆ రోజుల్లో ఓదెలు కాస్త పరధ్యానంగా ఉంటున్నాడని నవనీత గమనించకపోలేదు. "కండరం అలిసినట్టే ఇదీ. వారం రోజులు విశ్రాంతినిస్తే సర్దుకుంటుంది" అంది వహీదా. అబద్ధం చెప్పలేదు. ఆమెకి తెలిసింది అంతే.

మ్యాచ్ రోజు పొద్దున అత్త రాజవ్వ టిఫిన్ క్యారియర్ పట్టుకుని టెంట్ దగ్గరికి వచ్చింది. అందరికీ పెట్టి, గిన్నెలు సర్దుతున్నట్టే సర్దుతూ నవనీతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"బిడ్డా, నీతోని ఒక మాట చెప్పాలె. మ్యాచ్ అయ్యేదాంక చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు మీ మామ. అయినా చెప్త."

"ఏమైంది అత్తమ్మా?"

"ఆయనకు ఇనవడ్తది గని, ఏది ఏందో తెలుస్తలేదు."

నవనీతకి అర్థం కాలేదు. రాజవ్వ గొంతు తగ్గించింది.

"నెల సంది గిట్లనే. కుక్కర్ కూత వెడితే వాకిట్లకు వోయి ఎవలొచ్చిండ్రని చూస్తడు. తిరుమలేశు ఫోన్ జేస్తే 'ఎవలు?' అంటడు. కన్నకొడుకు గొంతు! మొన్న సంతకాడ ఎనుక నుంచి లారీ ఆరన్ గొడ్తుంటే నడి రోడ్డు మీద నిలవడ్డడు. ఇన్నడు. ఇన్నడు గని అది దగ్గరనా దూరమా, ముంగటనా ఎనుకనా తెల్వలే ఆయనకు. నేను రెక్కవట్టి గుంజిన."

రాజవ్వ చెంగుతో మొహం తుడుచుకుంది. "నీకు చెప్తే పని ఆపుతవని ఆయన భయం. నాకేమో ఆయనేమైతడో అని భయం."

ఓదెలు ఉడుము పక్కన స్టూలు మీద కూర్చుని, మెత్తని గుడ్డతో దాని గుబ్బ తుడుస్తున్నాడు. ఆర్నెల్లుగా అలవాటైన పని అది. నవనీత ఆయన్ని టెంటు వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ రెండు నీళ్ల డ్రమ్ములున్నాయి, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా.

"ఒక్కసారి అటు తిరగండి మామయ్యా."

"ఎందుకు బిడ్డా?"

"తిరగండి."

ఆయన తిరిగాడు. నవనీత ముందు ఖాళీ డ్రమ్ముని, తరవాత నిండు డ్రమ్ముని పిడికిలితో కొట్టింది. ఏ పిల్లాణ్ని అడిగినా చెప్పగలడు. "ఏది నిండుగా ఉంది?"

ఆయన వీపు కదల్లేదు. "మళ్ల గొట్టు" అన్నాడు. కొట్టింది. "ఇంకొక్కసారి." కొట్టింది.

"మొదటిది."

నవనీత పిడికిలి దించేసింది.  ఆయన వెనక్కి తిరక్కుండానే అడిగాడు, "తప్పా?"

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెప్తే ఆపేదానివి."

"ఆపేదాన్నే!"

"అందుకే చెప్పలే." అప్పుడు తిరిగాడు. మొహంలో దిగులు లేదు, మొండితనం ఉంది. "చూడు బిడ్డా. నేను రిటైరైన మనిషిని. ఆ చెవి ఇంట్ల వెట్టుకొని ఏం జేసుకోవాలె? కుక్కర్ కూత మీ అత్త ఇంటది. అదే చెవి బాయిల ఉంటే పదిమంది పానం నిలవడ్తది. కొంచెమే పోయింది, నేను సదురుకుంట."

అప్పటికి వహీదా కూడా వచ్చింది. జరిగిందంతా వింది. డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడి, ఓదెలుని తనే రెండు మూడు ప్రశ్నలడిగింది. తరవాత నవనీత వైపు చూసి నెమ్మదిగా చెప్పింది.

"పొరపాటు నాది. తోచినదాన్నే తోపించి తోపించి, ఆ దారిని అరగదీశాం. అచ్చుని అదే టోపీతో వెనక్కి ఎక్కించొచ్చు. ఎంత తిరిగొస్తుందో చెప్పలేను. అయితే అచ్చు ఇలా తాజాగా ఉంటేనే. ఒక్క మ్యాచ్ నడిచినా అది ఉడుము ఒంటికి సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఆ తరవాత ఈయన తలకి పట్టదు. చిన్న అచ్చు ఏమైందో చూశావుగా."

"అయితే మీరేం చెయ్యమంటారు మేడం?"

"నేనేం చెప్పినా నా టోపీ కోసం చెప్పినట్టే ఉంటుంది. నాయకురాలివి నువ్వు."

"దీంట్ల అడుగుడేమున్నది?" అన్నాడు ఓదెలు. "మూడు వెట్టు బిడ్డా. నాది నేనిచ్చిన. ఇచ్చినదాన్ని మళ్ల గుంజుకుంటనా?"

మైకులో నవనీత జట్టు పేరు పిలిచారు.

నిర్ణేత ముద్ర కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నవనీత ఉడుము పక్కన మోకాళ్ల మీద కూర్చుని పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చింది. చల్లటి మర వేళ్లకి తగిలింది. గెలిచిన యంత్రాన్ని ఆ ప్రాంతంలో ప్రతి బాయికీ ఒకటి చొప్పున తీసుకుంటామని యాజమాన్యం మాటిచ్చింది. ప్రతి బాయిలో వందల మంది మనుషులు. వాళ్ల గురించి ఓదెలు చెప్పిన మాటలో అబద్ధమేమీ లేదు.  కానీ లారీ హారన్ కొడుతుంటే నడిరోడ్డు మీద దిక్కులు చూస్తూ నిలబడ్డ మనిషే కళ్ల ముందు మెదులుతున్నాడు. ఆ మనిషి తన పెళ్లిలో ఇంటి గడప దగ్గర ఎదురొచ్చి, "మా ఇంట్ల నీకు భయం లేదు బిడ్డా" అన్నవాడు. ఆయన పేరు ప్రయోగశాలలో చెప్పింది తనే.

మర తిప్పింది.

"ఒకటేనా?" నిర్ణేత వంగి చూసి అడిగాడు.

"ఒకటే."

కాగితం అంటించాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

సొరంగం నోటి దగ్గర పెద్ద స్పీకరు పెట్టారు, లోపలి చప్పుళ్లు జనానికి వినబడాలని. ఉడుము లోపలికి దిగింది. ఓదెలు అందర్నీ తోసుకుని స్పీకరు ముందుకెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పక్కన రాజవ్వ.

టక్, టక్, టక్. ఆగింది. టక్, టక్, టక్. గడియారం కొట్టినట్టు, అన్నీ ఒకే బరువు, ఒకే ఎడం.

"అగో!" అన్నాడు ఓదెలు. "అది నా దెబ్బ. ఇనవడ్తుందా రాజవ్వా? మొదలు జర గట్టిగ, ఎనుక మెల్లగ, జరంత పక్కకు. గట్లనే గొట్టాలె."

టక్, టక్, టక్.

"నేనే కొడుతున్నట్టున్నది" అని పక్కనున్న తెలియని మనిషికి కూడా చెప్పాడు. "ఇరవై రెండేండ్లు గట్లనే గొట్టిన. ఇను, ఇను."

 వహీదా నవనీత వైపు ఒక్క చూపు చూసింది. మూడు దెబ్బలు విన్నప్పుడే ఆమెకి సంగతి తెలిసిపోయింది.  ఆ పక్కన జట్టులోని కుర్ర ఇంజనీర్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. జట్టు మొత్తంలో ఆ దెబ్బ తనది కాదని తెలియనివాడు ఓదెలు ఒక్కడే.

పన్నెండో నిమిషంలో ఉడుము మొదటి బొమ్మని తెచ్చింది. ఇరవై ఏడో నిమిషంలో రెండోదాన్ని. మూడోదాని కోసం సగం దూరం వెళ్లేసరికి గంట మోగింది. ఒక్క బండ కూడా మీద పడలేదు, కానీ నాలుగో స్థానం. మొదటి మూడు జట్లూ బల్ల మీదికెక్కి ఫొటోలు దిగుతున్నాయి.

"అంత నిదానమెందుకైంది?" ఓదెలు టెంటులోకి వచ్చి అడిగాడు. "దెబ్బ సక్కగనే వడ్డది గదా. చక్రాలు పట్టేసినయా?"

దాచి ఏం లాభం లేదు. "అది మీ దెబ్బ కాదు మామయ్యా. నేను మర ఒకటి మీద పెట్టాను."



"నాది గాదా?"

"కాదు. లెక్కల ప్రోగ్రాం. మీ అచ్చు ఉడుములో ఉన్నది ఉన్నట్టే ఉంది, అసలు నడవలేదు."

"నాదే అనుకున్న" అన్నాడు. చేత్తో వెనక తడుముకుని ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. "అందరికీ చెప్పిన, నాదే అని. ఇరవై రెండేండ్లు గొట్టిన దెబ్బ... నాదేదో నాకే తెల్వలే."

కొంచెమే పోయిందని ఆయన నిజంగానే నమ్మాడు. ఎంత పోయిందో ఆ పెట్టె మీద కూర్చున్నాకే తెలిసొచ్చింది. రాజవ్వ వచ్చి భుజం మీద చెయ్యేసింది. ఆయన తలెత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది.

"నన్నడగకుంట ఎట్ల దిప్పినవ్ నవనీతా? నా చెవి గదా అది. ఏం జెయ్యాల్నో నేను జెప్పిన గదా."

"చెప్తే ఊరుకోరని చెప్పలేదు."

"అంటే నేను నీకు జేసిందే నువ్వు నాకు జేసినవ్."

  ఇంటికొచ్చాక మూడు రోజులు ఆయన కోడలితో మాట్లాడలేదు. తిరుమలేశు మధ్యలో పడి సర్దిచెప్పబోతే, "నువ్వు నడుమ రాకు" అన్నారు ఇద్దరూ.

నాలుగో రోజు పొద్దున నవనీత స్కూటర్ తీస్తుంటే ఓదెలు చొక్కా తొడుక్కుని వచ్చి వెనక కూర్చున్నాడు. "పా. మీ మేడం టోపీ దియ్యమను."

అచ్చుని వెనక్కి ఎక్కించడానికి పదకొండు రోజులు పట్టింది. కుక్కర్ కూత మూడో రోజే తిరిగొచ్చింది. ఆరో రోజు ఫోన్లో "ఏమైందిరా తిరుమలేశూ, జలుబు జేసిందా?" అనేసరికి ఇంట్లో పండగైంది. హారన్లు, అడుగుల చప్పుళ్లు, వెనక నుంచి పిలిచే గొంతులు అన్నీ ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. పైకప్పు మాత్రం పూర్తిగా రాలేదు. పది బండలు తడితే ఏడెనిమిదికి ఠక్కున చెప్పేవాడు. రెండు మూడింటి దగ్గర ఆగిపోయేవాడు. పదకొండో రోజుకి ఫలకంలో జిగురు తెల్లబడిపోయింది. అందులో ఇక ఏమీ మిగల్లేదు.

వహీదా ఆ నెలంతా కూర్చుని, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి పైకి పంపింది. తప్పు తనదేనని మొదటి వాక్యంలోనే రాసింది. ఆపాటికే యాజమాన్యం అచ్చుల కోసం ఇంకో ఐదుగురు సర్దార్లను ఎంచి ఉంచింది. ఆమె వాళ్లని ఒక్కొక్కరినీ స్వయంగా కలిసి, "మీ ఇళ్లకి వెళ్లిపోండి, ఎవరు పిలిచినా ఈ టోపీ పెట్టుకోకండి" అని చెప్పింది. వేసవి రాకముందే ప్రయోగశాల మూతపడింది.

ఉడుముని గని ప్రమాదాల రక్షణ కేంద్రానికి ఇచ్చేశారు. నవనీత కూడా అక్కడే చేరింది. ఉడుము పొట్టలోంచి మరనీ మూడు ప్రోగ్రాంలనీ తీసేసి, వెనక పొడుగాటి తీగ ఒకటి కట్టింది. ఉడుము లోపల కొడుతుంది, బయట మనిషి ఆ తీగ మీద వింటాడు, పో అంటే పోతుంది, ఆగమంటే ఆగుతుంది. ఇలాంటి యంత్రాన్ని ఏ పోటీలోనూ రానివ్వరు. మరుసటి ఏడు పోటీ దరఖాస్తు వస్తే ఆమె నింపలేదు.

వినే మనుషుల్ని తయారుచెయ్యడానికి కేంద్రం వాళ్లు ఓదెలుని పెట్టుకున్నారు. ముగ్గురు వచ్చారు. అందులో సమ్మక్క ఒకతి, ఇరవై ఏడేళ్లది, ఆ ప్రాంతంలో సర్దారు పరీక్ష పాసై బాయిలోకి దిగిన కొద్దిమంది ఆడవాళ్లలో ఒకతి. మునుపైతే ఓదెలు ఎవరికీ ఏమీ నేర్పలేకపోయేవాడు. పోగొట్టుకుని, ముక్కలు ముక్కలుగా తిరిగి తెచ్చుకున్నాక ఆయనకి మాటలు దొరికాయి. "గట్టి బండ చేతిని తంతది. డొల్ల బండ దెబ్బను మింగుతది. తన్నుతుందా, మింగుతుందా, అది జూడు. మళ్ల గొట్టు." రెండేళ్లు అలా కొట్టించాడు. చికాకు పడేవాడు, తిట్టేవాడు, మర్నాడు అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ముసురు పట్టిన వేళ, పక్క ఊరి బాయిలో పైకప్పు కూలింది. ఇద్దరు కార్మికులు అవతల చిక్కుకుపోయారు. బాయి ఫోను తీగ మీద వాళ్ల అరుపులు సన్నగా వినిపిస్తున్నాయి, బతికే ఉన్నారు. ఉడుముని ముందు పంపి, వినేవాళ్లు మంచిదన్న దారిలో వెనకే రక్షణ దళం వెళ్లాలి. బాయి నోటి దగ్గర రేకుల షెడ్డులో ఓదెలూ సమ్మక్కా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. నవనీత ఉడుముని నడుపుతోంది.

రెండొందల గజాల లోపల దారి చీలింది. ఎడమ దారిన పోతే పది నిమిషాల్లో ఆ ఇద్దరి దగ్గరికి చేరొచ్చు. కుడి దారి గంట పని, మట్టి తీసుకుంటూ పోవాలి. ఉడుము ఎడమ వైపు పైకప్పుని కొట్టింది.

"గట్టిదే" అన్నాడు ఓదెలు.

"డొల్ల సార్" అంది సమ్మక్క.

 "మళ్ల గొట్టు" అన్నాడు ఓదెలు. నవనీత మళ్లీ కొట్టించింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. 

"నాకు గట్టిగనే ఇనవడ్తుంది."

"మింగుతుంది సార్" అంది సమ్మక్క. మాట మార్చలేదు. "మొదటి దెబ్బకు జరంత మింగింది. రెండోదానికి మొత్తమే మింగింది."

రక్షణ దళం అధికారి ఒకప్పుడు ఓదెలు చేతికింద పనిచేసినవాడే. ఆయన సమ్మక్క వైపు చూడలేదు. "ఓదెలన్నా, నువ్వు జెప్పు. ఎడమకు పంపాల్నా? పైన నీళ్లు దిగుతున్నయ్. గంట అంటే చానా ఎక్కువ."

నవనీత మామ మొహం వైపు చూసింది. ఈసారి ఆమె చేతిలో తిప్పడానికి ఏ మరా లేదు. ఆమె తిప్పాలనుకోనూ లేదు.

ఓదెలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు గట్టిగ ఇనవడ్డది. గని నా చెవి మునుపటి చెవి గాదు. అప్పుడప్పుడు తప్పు చెప్తది, అది నాకెరుక. ఈ పిల్లది తప్పు జెప్పదు. కుడికి పోనియ్యుండ్రి."

"అన్నా..."

"సర్దారు జెప్పింది గదా. పోనియ్యుండ్రి."

కుడి వైపే వెళ్లారు. మట్టి తీస్తూ, గుంజలు నిలబెడుతూ, వాన చప్పుడులో ఒక్కో గజమే. నలభై నిమిషాలయ్యాక లోపలెక్కడో బరువుగా పడ్డ చప్పుడు తీగలో వచ్చింది. నేల కూడా కాస్త అదిరింది. ఉడుము కెమెరాని వెనక్కి తిప్పి చూస్తే, ఎడమ దారి నోరు కనబడలేదు. నిండా రాళ్లు.

షెడ్డులో ఎవరో సమ్మక్క వీపు తట్టారు. ఆమె ఆ చెయ్యి తోసేసి, హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదుముకుని వింటూనే ఉంది. మొదటి మనిషిని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు, ఒళ్లంతా బురద, మనిషి క్షేమం. రెండో ఆయన కాలు రాళ్లలో ఇరుక్కుంది, ఇంకా తీస్తున్నారు.

నవనీత గ్లాసులో టీ తెచ్చి మామకి ఇచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, వానని చూస్తూ అన్నాడు.

"ఆ దినం నువ్వు నన్నడగలే. నాకు ఇన్నేండ్లు ఆ కోపం ఉండె, మళ్ల నీకు జెప్పలే. ఇయ్యాల అడిగిండ్రు."

"అవును మామయ్యా."

"అడిగితే నేనే చెప్పిన, నాది కాదు, ఆ పిల్లదని." మరో గుక్క తాగాడు. "చెప్పొచ్చు బిడ్డా. కష్టమే గని, చెప్పొచ్చు. నన్నడిగి ఉంటే ఆ దినం గూడ ఒకటే వెట్టుమని చెప్పెటోణ్నేమో."

"అడగాల్సింది మామయ్యా. తప్పే."

"సరే తియ్యి" అన్నాడు. గ్లాసు ఆమె చేతికిచ్చి లేచాడు. "ఇంకొకాయన లోపలనే ఉన్నడు."

వెళ్లి సమ్మక్క పక్కన కూర్చుని మళ్లీ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఆమె "ఆగుండ్రి" అన్నప్పుడు తను కూడా ఆగాడు, "పోండ్రి" అన్నప్పుడు తల ఊపాడు. నాలుగున్నరకి రెండో మనిషిని బయటికి తెచ్చారు. కాలు విరిగింది. బాధతో గట్టిగా మూలుగుతున్నాడు. ఆ మూలుగు విని ఓదెలు, "ఊపిరి మంచిగున్నది, బతుకుతడు" అన్నాడు. డాక్టర్ వచ్చి చూసి కూడా అదే మాట చెప్పాడు.